నాలుకరాళ్లు లేక మహాసొరచేప పండ్లు

మా పాఠశాల సైన్సు గదిలో ఉత్తరపు గోడ నానుకొని యొక పాత గాజు బీరువా కలదు. దాని రెండవ యరలో గవ్వలకును పగడపు కొమ్మలకును నడుమ నొక నల్లని రాయి యున్నది. అది మూడు మూలలు గలది. అరచేతి నిండుగా నుండును. కొలువగా అయిదంగుళములకు కొంచెము తక్కువ వచ్చినది. దాని యంచులను వ్రేలితో మెల్లగా తడవినచో కక్కు కొడవలి యంచువలె గరగరలాడును. క్రొత్తగా చేరిన పిల్లలు దానిని చూచి, కొందఱు రాక్షసుని కోఱ యనియు, కొందఱు పూర్వులు వాడిన రాతిగొడ్డలి యనియు, కొందఱు శూలపు మొన యనియు చెప్పుదురు. అది యెవరి యాయుధమును గాదు. అది యొక చేప పన్ను. భూమిమీద మనుష్యుడు లేని కాలమున సముద్రములలో తిరుగాడిన యొక మహాసొరచేప నోటినుండి రాలిన పన్ను.

గడచిన ఆగస్టు నెలలో తొమ్మిదవ తరగతి విద్యార్థి యొకడు దానిని చేత బట్టుకొని, "అయ్యగారూ, ఇది యే యూరిలో దొరికినది?" అని యడిగెను. మేము సమాధానము చెప్పలేకపోతిమి. చెప్పలేకపోవుటకు కారణము మా తప్పే. ఆ తప్పేమో ఈ వ్యాసము చివర చెప్పుకొందుము. అయితే ఆ బాలుని ప్రశ్న యెంత గొప్పదో తెలియవలెనన్న, ముందుగా ఈ పండ్ల చరిత్రమును, వీనిని ఏరువారి పద్ధతులను ఎఱుగుట యవసరము.

ఐరోపా ఖండమున పూర్వులు ఇట్టి రాళ్లను నాలుకరాళ్లని పిలిచెడివారు. ఆకారము నాలుకను పోలియుండుటయే ఆ పేరునకు కారణము. క్రీస్తుశకము మొదటి శతాబ్దమున జీవించిన రోమను పండితుడు ప్లినీ, ఇవి నేలలో పుట్టవనియు, చంద్రుడు క్షీణించు వేళ ఆకాశమునుండి రాలుననియు జనులు చెప్పుకొను మాటను తన గ్రంథమున వ్రాసి పెట్టెను. ఆకాశమునుండి పడినదనుకొన్న వస్తువును గూర్చి, ఏ నేలలో దొరికినదని యడుగువా డుండడు గదా!

మధ్యధరా సముద్రములోని మాల్టా ద్వీపమున నాలుకరాళ్లు విస్తారముగా దొరకుచుండెను. మన తెలుగు బైబిలులో మెలితే యని చెప్పబడిన ద్వీపము ఇదియే యని చిరకాలముగా నమ్మబడుచున్నది. పౌలు ఎక్కిన యోడ పగిలి, ఆయన అచ్చట ఒడ్డు చేరినప్పుడు, పుల్లల మోపులోనుండి వెడలిన సర్పము ఆయన చేతిని పట్టుకొనిన సంగతి అపొస్తలుల కార్యముల 28వ అధ్యాయము చదివిన పిల్లలందఱు నెఱుగుదురు. లేఖనములో నున్నది అంతవఱకే. జనులు దానికి మఱియొక కథను చేర్చిరి. పౌలు ఆ ద్వీపపు పాములను శపింపగా వాని విషము హరించి, నాలుకలు రాళ్లయ్యెననిరి. కావున ఆ రాయి విషమునకు విరుగుడని యెంచి, ధనికులు దానిని వెండిలో పొదిగించి మెడలో వేసికొనిరి. ప్రభువుల భోజనపు బల్లలయొద్ద దానిని వ్రేలాడదీసి, ద్రాక్షారసములో ముంచి విషపరీక్ష చేసిరి. లేఖనములో లేని మాటను లేఖనమునకు అంటగట్టిన ఫలితముగా, ఒక చేప పన్ను కొన్ని వందల యేండ్లు మందుగా చలామణి యయ్యెను.

1666వ సంవత్సరమున ఇటలీ దేశములోని లివోర్నో రేవు సమీపమున జాలరులు ఒక గొప్ప సొరచేపను పట్టిరి. తస్కనీ ప్రభువగు రెండవ ఫెర్డినాండో దాని తలను ఫ్లారెన్సు నగరమునకు తెప్పించి, తన యాశ్రయమున నున్న డెన్మార్కు దేశపు వైద్యుడు నీల్స్ స్టెన్సెను చేతికి అప్పగించి, కోసి పరీక్షింపుమనెను. లోకము ఈయనను స్టెనో యని పిలుచును. అప్పటికాయన వయస్సు 28 సంవత్సరములు. ఆయన ఆ దవడలను తెఱచి, వరుసల వెంట వరుసలుగా నున్న పండ్లను నిదానముగా చూచెను. వాని ప్రక్కన నాలుకరాళ్లను పెట్టి చూచెను. రెంటికిని భేదము కానరాలేదు. ఈ మాటను ఆయనకు ముందే 1616లో ఇటలీ పండితుడు ఫాబియో కొలొన్నా చెప్పియుండెను గాని, విన్నవారు కొలదిమంది. చాలమంది పండితులు రాళ్లు నేలలోనే చేప పండ్ల యాకారమున మొలచుననియే నమ్ముచుండిరి.

స్టెనో 1667లో ప్రకటించిన గ్రంథమున వారికి చేసిన వాదము సులభమైనది. గట్టి నేలలో పెరుగు వస్తువు, గోడ సందున మొలచిన రావిచెట్టు వేరువలె వంకరలు పోవలెను. లేదా చుట్టునున్న రాతిని పగులగొట్టవలెను. నాలుకరాళ్లు వంకరలు పోలేదు. వాని చుట్టునున్న రాయి పగులలేదు. కాబట్టి అవి అచ్చట మొలచినవి గావు. ఆ రాయి మెత్తని బురదగా నున్నప్పుడే అవి అందులో పడియుండవలెను. బురద నీటి యడుగున పేరుకొనును. కాబట్టి నేడు కొండగా నున్నచోట ఒకప్పుడు నీరు నిలిచియుండెను. 1669లో ఆయన మఱియొక గ్రంథమును వ్రాసి, నేలపొరలలో అడుగున నున్నది ముందు పేరుకొన్నది, పైనున్నది తరువాత పేరుకొన్నది యను నియమమును స్థాపించెను. ఏటేట వరదకు ఒండు పెట్టు గోదావరి లంకలను చూచిన మనకు ఇది వింతగా తోపకపోవచ్చును. కాని భూగర్భశాస్త్రమంతయు ఈ నియమముమీదనే నిలిచియున్నది. ఒక చేప తలనుండి యింత శాస్త్రము పుట్టినది. స్టెనో తరువాత గురుపట్టము పొంది, 1677లో బిషప్పుగా అభిషేకింపబడి, 1686లో కన్నుమూసెను. కంటియెదుట నున్న వస్తువును ఉన్నదున్నట్లు చూచుటకును, దైవభక్తికిని విరోధము లేదనుటకు ఆయన జీవితమొక సాక్ష్యము.

స్టెనో చెప్పిన నియమమును మనస్సున నుంచుకొనుడు. ఒక పన్ను ఏ పొరలో దొరికినదో తెలిసిననే దాని కాలము తెలియును. పొర తెలియవలెనన్న చోటు తెలియవలెను. చోటు తెలియని పన్ను కాలము తెలియని పన్ను.

పండ్లే ఇంత విరివిగా దొరకి, తక్కిన దేహము దొరకకపోవుటకు కారణమేమి? సొరచేప దేహములో మనకున్నట్టి గట్టి యెముకలు లేవు. మన చెవిదొప్పలోను ముక్కు కొనయందును ఉండునట్టి మెత్తని మృదులాస్థియే దాని యస్థిపంజరము. చేప చచ్చిన పిదప అది త్వరలోనే క్రుళ్లి నశించును. పండ్లమీది పూత మాత్రము మిక్కిలి గట్టిది. అంతేకాక సొరచేప పన్ను మన పన్నువలె దవడ గుంటలో పాతుకొని యుండదు, చిగురులోనే నిలిచియుండును. వేటలో ముందు పన్ను ఊడగానే వెనుకనున్నది ముందునకు జరుగును. డ్రిల్లు వేళ ముందు వరుసలోని బాలుడు తప్పుకొనగానే వెనుకవాడు ఆ చోటికి వచ్చినట్లే యిదియు. ఈ విధముగా ఒక్క సొరచేప తన జీవితకాలమున వేలకొలది పండ్లను రాల్చును. అవి సముద్రపు టడుగున బురదలో కూరుకొని, నీటిలోని ఖనిజములను పీల్చుకొని, క్రమక్రమముగా శిలాజములగును. పన్ను రంగు దానిని కప్పిన మట్టినిబట్టి యుండును. ఫాస్ఫేటు మట్టిలో నున్నవి సాధారణముగా నల్లనగును. వేఱు నేలలలోనివి బూడిదరంగుగను, గోధుమరంగుగను, పసుపుగను ఉండును. నలుపును చూచి అధిక వయస్సని తలంచుట పొరపాటు.

మా బీరువాలోని పన్ను మెగలొడాను అను జాతికి చెందినది. గ్రీకు భాషలో ఆ పేరునకు మహాదంతమని యర్థము. 1833 మొదలు 1843 వఱకు శిలాజ మత్స్యములను గూర్చి మహాగ్రంథమును ప్రకటించిన స్విట్జర్లాండు పండితుడు లూయీ అగాసీ ఈ పేరు పెట్టెను. ఈ చేప సుమారు 2 కోట్ల 30 లక్షల సంవత్సరముల క్రిందట మొదలుకొని 36 లక్షల సంవత్సరముల క్రిందటి వఱకు సముద్రములలో నుండెను. దాని పండ్లలో మిక్కిలి పెద్దవి ఏడంగుళముల వఱకు నుండును. నేడు జీవించియున్న తెల్ల సొరచేప పన్ను మూడంగుళములు మించదు. మెగలొడాను పన్ను అంచున కక్కులు సన్ననివి, సమానమైనవి. మొనకును వేరునకును నడుమ ముదురు రంగు పట్టె యుండును. తెల్ల సొర పంటి కక్కులు మోటువి. ఆ పట్టె దానికి లేదు. తిమింగలముల శిలాజపు టెముకలమీద ఈ పంటి గాట్లు కనబడుటచేత దాని యాహారమేమో మనకు తెలిసినది.

దాని పొడవు మాత్రము నేటికిని వాదగ్రస్తమే. 1909లో న్యూయార్కులోని అమెరికా ప్రకృతిశాస్త్ర ప్రదర్శనశాలయందు బాష్‌ఫర్డు డీను అను పండితుడు దొరికిన పండ్లతో ఒక దవడను కట్టెను. అందులో ఆఱుగురు మనుష్యులు ఒకేసారి ఇమిడి పటము తీయించుకొనిరి. కాని ప్రక్క పండ్లు చిన్నవిగా నుండవలసినచోట గూడ పెద్దవానినే కూర్చుటచేత ఆ దవడ మితిమీరి పెద్దదయ్యెనని తరువాతివారు తేల్చిరి. అటుపిమ్మట అనేకులు 50 మొదలు 60 అడుగుల వఱకు ఉండవచ్చుననిరి. 2025లో వెలువడిన యొక పరిశోధన 80 అడుగుల వఱకును ఉండవచ్చునని చెప్పినది. పండ్లు, కొన్ని వెన్నుపూసలు తప్ప వేఱాధారములు లేని జంతువును గూర్చి పండితులు ఇట్లు తమ లెక్కలను తామే దిద్దుకొనుచుండుట విద్యార్థులు గమనింపదగినది.

ఇక వీనిని ఏరువారి సంగతి. అమెరికా సంయుక్త రాష్ట్రముల తూర్పుతీరము ఈ పండ్లకు ప్రసిద్ధికెక్కినది. మేరీలాండు రాష్ట్రమున చీసపీకు అఖాతపు టొడ్డున కాల్వర్టు కొండచరియలు కలవు. అవి కోటి మొదలు రెండు కోట్ల సంవత్సరముల క్రిందటి సముద్రపు టడుగు. అలలు పాదమును కొట్టినకొలది పైమట్టి విఱిగిపడును. అందలి పండ్లు ఇసుకలో కలియును. గాలివాన వెలిసిన పిదప, నీరు తీసిన వేళ, ఏరువారు వచ్చి నీటి యంచు వెంబడి వంగి నడచుదురు. తడిసిన గులకరాళ్లలో పంటి నునుపు ప్రత్యేకముగా మెఱయును. చరియను త్రవ్వుటగాని, రాష్ట్రపు టుద్యానవన భాగమున దాని క్రింద నడచుటగాని నిషేధింపబడినది. మట్టిపెళ్లలు మీద విఱిగిపడు భయము కలదు.

ఫ్లోరిడా రాష్ట్రములోని పీసు నదియందు పద్ధతి వేఱు. వానలు లేని నెలలలో నీరు తగ్గినప్పుడు, మొలలోతు నీట నిలిచి, పారతో అడుగునగల గులకను ఎత్తి, చెక్క చట్రమునకు బిగించిన తీగ జల్లెడలో పోసి కడుగుదురు. మన యూళ్లలో ఇల్లు కట్టువారు ఇసుక జల్లించుటవంటిదే. వంద జల్లెడలు పట్టిన పిదప ఒక మంచి పన్ను దొరకిన దొరకవచ్చును. దక్షిణ కరోలినాలో నదుల నీరు కషాయమువలె నల్లనిది. మునుగువారు దీపము పట్టుకొని దిగినను మూరెడు దూరము కనబడదు. చేతులతో అడుగును తడవుచు పండ్లను పోల్చుకొందురు. అట్లు దిగుటకు ప్రభుత్వమువారి అనుమతిపత్రము కావలెను. ఏ నదిలో ఏమి దొరికినదో వారికి తెలుపవలెను. ఉత్తర కరోలినాలో అరోరా యను చోట ఎరువు కొఱకు ఫాస్ఫేటు త్రవ్వు గొప్ప గని కలదు. ఆ ప్రాచీన సముద్రపు మట్టినే మనుష్యులు పొలములకు బలముగా వేయుచున్నారు! అచ్చటి శిలాజ ప్రదర్శనశాలవారు గనిమట్టిని వెలుపల కుప్ప పోయించి, వచ్చిన పిల్లలచేత వెదకించుచున్నారు.

ఇట్లు ఏరబడిన పండ్లలో పెద్దవి, చెడనివి అధికమైన వెలకు అమ్ముడగును. వెల యున్నచోట మోసమును ఉండును. విఱిగిన మొనను జిగురుతోను పొడితోను పూరించి, రంగు వేసి, చెడని పన్నని అమ్మువారున్నారు. అది కన్నులకు చేయు మోసము. నిదానముగా చూచినచో పట్టుబడును. అంతకంటె పెద్ద నష్టము వేఱొకటి కలదు. కొనువాడు పన్ను ఎంత పెద్దదని యడుగునుగాని ఎచ్చటిదని యడుగడు. అమ్మువాడు చీటి వ్రాయడు. చేతులు మాఱినకొలది చోటు మఱుగుపడును. ఏరువారు చిన్న పండ్లను పనికిమాలినవని నీటిలోనే విడిచిపెట్టుదురు.

చిన్న పండ్లు పనికిమాలినవి కావని పనామా దేశము నేర్పినది. అచ్చట గాటూను అను శిలాపొరలలో పరిశోధకులు 28 మెగలొడాను పండ్లను సేకరించిరి. అందు చాలవఱకు చిన్నవి. పరీక్షింపగా అవి ముసలి చేపల ప్రక్కపండ్లు గాక పిల్లచేపల పండ్లని తేలెను. సుమారు కోటి సంవత్సరముల క్రిందట ఆ లోతులేని సముద్రము పిల్లచేపలు పెరుగు చోటై యుండెనని వారు 2010లో ప్రకటించిరి. శత్రువులు తక్కువగా నుండి ఆహారము సమృద్ధిగానుండు తావున అవి పెరిగినవన్నమాట. ఆ 28 పండ్లును ఒకే చోటివని తెలియకున్న, వానికి మూల్యమేమున్నది? గుప్పెడు గులకరాళ్లు!

మఱియొక నిదర్శనము. ఈ చేప 26 లక్షల సంవత్సరముల క్రిందట నశించెనని మునుపు తలచుచుండిరి. 2019లో కొందఱు పండితులు అమెరికా పశ్చిమతీరమున దొరికిన పండ్ల లెక్కను తిరిగి సరిచూచిరి. క్రొత్త కాలమునకు చెందినవని చెప్పబడిన పండ్లలో ఒక్కొక్కదాని చీటిని పరీక్షించిరి. కొన్నింటికి చోటు నమ్మదగినట్లు వ్రాయబడలేదు. కొన్ని పాతపొరలనుండి కొట్టుకొని వచ్చి క్రొత్తపొరలలో చేరినవి. అట్టివానిని తీసివేయగా, ఆ జాతి సుమారు 36 లక్షల సంవత్సరముల క్రిందటనే యంతరించెనని తేలెను. అనగా చీటీలు సరిగా లేకపోవుటచేత శాస్త్రములో పది లక్షల సంవత్సరముల తప్పు నిలిచియుండెను!

ఆ చేప ఇంకను సముద్రపు లోతులలో బ్రదికియున్నదా యని మా విద్యార్థులు తఱచుగా అడుగుదురు. చలనచిత్రములు చూచి కలిగిన సందేహమది. దీనికిని మూలము పండ్లే. 1872 మొదలు 1876 వఱకు సముద్ర పరిశోధనకై సంచరించిన ఛాలెంజరు అను ఆంగ్లేయుల యోడ పసిఫికు మహాసముద్రపు టడుగునుండి ఈ పండ్లను పైకి తీసెను. వానిపై పేరుకొన్న మాంగనీసు మందమును కొలిచి, 1959లో ఒక పండితుడు అవి కొన్నివేల యేండ్ల క్రిందటివే యని లెక్కవేసెను. కాని మాంగనీసు అన్నిచోట్ల ఒకే వేగమున పేరుకొనదు. ఆ లెక్క నిలువలేదు. నేడు జీవించియున్నచో క్రొత్తపండ్లు వేలకొలది దొరకవలసియుండెను. ఒక్కటియు దొరకలేదు.

2020లో మఱియొక విశేషము జరిగినది. ఆంగ్లేయ ప్రకృతిశాస్త్ర ప్రబోధకుడు సర్ డేవిడ్ ఆటెన్‌బరో గారు ఇంగ్లండు రాజకుటుంబములోని బాలుడగు జార్జి గారికి ఒక మెగలొడాను పన్నును బహూకరించిరి. 1960వ దశాబ్దపు చివర మాల్టాకు సెలవులకు పోయినప్పుడు మెత్తని పసుపు సున్నపురాతిలో అది తమకు దొరికినదని ఆయన జ్ఞాపకముంచుకొని చెప్పిరి. మాల్టాలో నేడు శిలాజములను తీసికొనిపోవుట చట్టవిరుద్ధము. ఆ దేశపు మంత్రి యొకరు ఆ పన్ను తిరిగి రావలెనని తలపెట్టి, తరువాత ఆ ప్రయత్నమును మానుకొనిరి. దానిని గూర్చి యెవరేమి తలచినను, యాభై యేండ్లు గడచిన పిదపగూడ ఆ పన్ను తన యూరిని పోగొట్టుకొనలేదు. ఊరున్నది గనుకనే అడుగువారును ఉన్నారు.

మా బీరువాలోని పన్నునకు ఆ భాగ్యము లేదు. మా మిషనులో పూర్వము పనిచేసిన యొక దొరసానిగారు అనేక రేవులలో దిగి, ఏరితెచ్చిన వస్తువులను ఈ పాఠశాలకు ఇచ్చిరి. ప్రతి వస్తువును కాగితములో చుట్టి, దానితో తమ చేతివ్రాత చీటి యొకటి పెట్టిరి. పండ్రెండేండ్ల క్రిందట సైన్సు గది మా వశమునకు వచ్చినది. ఆ యేట వార్షికోత్సవమునకు ముందు గోడలకు సున్నము వేయించితిమి. బీరువా ఖాళీ చేయించి, వస్తువులన్నిటిని ఒకే గంపలో పోయించితిమి. ఆ కాగితములు పసుపువన్నె తిరిగి, పురుగు తిని, చూచుటకు అసహ్యముగా నుండెను. శుభ్రతపేర వానినన్నిటిని మేమే యేరి తగులబెట్టించితిమి. నల్లని పన్నును చుట్టిన కాగితములో పెన్సిలుతో వ్రాసిన రెండు పంక్తులుండుట జ్ఞప్తికి వచ్చుచున్నది. అవి యేమో జ్ఞప్తికి వచ్చుట లేదు. ట్రైనింగు కాలేజీలో వస్తుపాఠములు నేర్చుకొని, ఇతరులకు నేర్పుచున్న మేము, ఆ రెండు పంక్తులను చదువనైన చదువలేదు. దొరసానిగారు ఇప్పుడు లేరు. ఆ నలుపును చూచి ఇది కరోలినా ఫాస్ఫేటు నేలలోనిది కావచ్చునని ఊహింపగలము. కాని ఊహ సాక్ష్యము గాదు. ఆనాడు మేము కాల్చినది కాగితము గాదు. ఆ పన్ను చెప్పగల మాటను.

ఆ బాలుడు అడిగిన దినము మొదలు సైన్సు గదిలో ఒక క్రొత్త పద్ధతి నేర్పఱచితిమి. లావుపాటి పుస్తకమొకటి కుట్టించి, బీరువాలోని ప్రతి వస్తువునకు సంఖ్య నిచ్చితిమి. సంఖ్యను వస్తువుమీద కనబడని మూలను సన్నని తెల్లరంగు పట్టెపై సిరాతో వ్రాయవలెను. చీటి పోయినను సంఖ్య పోదు. పుస్తకములో అయిదు సంగతులు వ్రాయవలెను: ఏ యూరు, ఆ యూరిలో ఏ చోటు, నేలమీదనా, గట్టులోనా, నీటిలోనా, గట్టులోనైన పైనుండి ఎంత లోతున, ఏ తేదీ, ఎవరు కనుగొనిరి. ఆ వస్తువు పేరు తెలియకపోయినను చింత లేదు. పేరును వందయేండ్ల తరువాత వచ్చు పండితుడైన చెప్పగలడు. చోటును మాత్రము కనుగొన్నవాడు ఆ దినముననే చెప్పవలెను.

ఇట్టివి దూరదేశములలోనే కలవని విద్యార్థులు తలపరాదు. మనకు ఉత్తరమున ఒడిషాలోని బారిపద సమీపమున, నదీతీరపు ప్రాచీన సముద్రపు పొరలలో సొరచేపల శిలాజపు పండ్లు దొరికినవి. రాజమహేంద్రవరము దాపున కాతేరువద్ద నల్లరాతి పొరల నడుమ సముద్రపు టంచున బ్రదికిన జీవుల గవ్వలు కలవు. త్రవ్వి పాడుచేయుట మన పని గాదు. చూచి, కొలిచి, పటము గీసి, వ్రాసికొనుట మన పని. మీ బిడ్డ జేబులో రాయి దొరకినప్పుడు దానిని పెరటిలో పాఱవేయకమునుపు, ఇది యెక్కడిదని ఒక్కసారి యడుగుడని తలిదండ్రులకు మా మనవి. ఆ యొక్క ప్రశ్నతో ఆ రాయికి విలువ వచ్చును. ఆ బిడ్డకును చూచుట యలవడును.

దొరసానిగారి కాలపు ఉత్తరములుగాని, వస్తువుల జాబితాలుగాని, పాత బంగళాల పెట్టెలలో ఎవరికైన కనబడినచో, దయచేసి మాకు తెలుపవలెనని మిషను పనివారిని, పూర్వవిద్యార్థులను ప్రార్థించుచున్నాము. అంతవఱకు ఆ నల్లని పన్ను ప్రక్కన ఒక క్రొత్త చీటి యుండును. దానిని ప్రశ్న యడిగిన బాలునిచేతనే వ్రాయించితిమి. అందిట్లున్నది: "17వ సంఖ్య. మెగలొడాను సొరచేప పన్ను. దొరికిన చోటు: వ్రాయబడియుండెను, ఉపాధ్యాయుని యజాగ్రత్తవలన పోయినది."

వ్రాయుటకు ముందు ఆ బాలుడు, "అయ్యగారూ, ఉపాధ్యాయుని యను మాట విడిచిపెట్టుదునా?" అని యడిగెను. వలదు, ఉన్నది ఉన్నట్లే వ్రాయుమంటిమి.